రహీం మాస్టారు: హైదరాబాదు ఫుట్‌బాల్ గురువు

ఫుట్‌బాల్ అనగానే నేటి విద్యార్థి మనస్సులో మెదిలేవి బ్రెజిల్, అర్జెంటీనా, స్పెయిన్ దేశాల పేర్లు. ఆసియా ఖండంలో ఆ క్రీడకు ఒకప్పుడు మన దేశం అగ్రగామిగా ఉండేదనీ, ఆ జట్టుకు శిక్షణ ఇచ్చినవారు మన హైదరాబాదు నగరంలోని ఒక బడిపంతులనీ చెబితే చాలామంది నమ్మలేకపోతున్నారు. 2024లో విడుదలైన మైదాన్ అనే హిందీ చలనచిత్రం వలన సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు కొంతవరకు తిరిగి వినబడింది. అయితే చలనచిత్రానికి నాటకీయత అవసరం. రహీం గారి జీవితంలో నాటకీయత కంటె ఓపికతో కూడిన నిత్యకృషియే ఎక్కువ. ఆ కృషి ఎటువంటిదో మన కళాశాల విద్యార్థులకు తెలియజేయాలన్న తలంపుతో ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. వారు ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టభద్రులు. ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్య గరపడానికి 1918లో స్థాపింపబడిన ఆ విశ్వవిద్యాలయం ఆనాడు తన తొలి యౌవనంలో ఉన్నది. విద్యార్థి దశలోనే రహీం గారు మంచి ఆటగాడుగా పేరు పొందారు. విశ్వవిద్యాలయ కళాశాలలోని నాటి విద్యార్థులూ, పూర్వ విద్యార్థులూ కలసి ఏర్పరచుకున్న ఎలెవెన్ హంటర్స్ అనే జట్టులో వారు ఆడేవారు. నగరంలోని కమర్ క్లబ్బు పక్షాన కూడా ఆడారు. ఆటగాడిగా వారి ప్రతిభ స్థానికంగానే నిలిచిపోయింది. వారిని గురించి దేశం తెలుసుకున్నది ఆట విడిచిన తరువాతనే.

పట్టా పుచ్చుకున్న పిదప వారు ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు - ఈ నాలుగు పాఠశాలలలో వారు పనిచేశారు. నడుమ వ్యాయామ విద్యలో డిప్లొమా సంపాదించి, చివరి రెండు పాఠశాలలలో ఆటపాటల బాధ్యత స్వీకరించారు. మన పాఠశాలలలో డ్రిల్లు మాస్టారు స్థానం ఎటువంటిదో పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు. లెక్కల పంతులుకూ, ఇంగ్లీషు పంతులుకూ దక్కే గౌరవం ఆయనకు దక్కదు. పరీక్షలు సమీపించగానే ముందుగా రద్దయ్యేది ఆయన పీరియడే. అటువంటి స్థానంలో నుంచి ఒక మనిషి తన పనిని శాస్త్రంగా మలచుకొని, ఆ శాస్త్రాన్ని ఒలింపిక్ మైదానం వరకు తీసుకొని వెళ్లాడన్నది మాకు అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించే విషయం.

1940 దశకం ఆరంభంలో రహీం గారు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. పేరుకు అది కార్యాలయపు ఉద్యోగం. వారు దానిని తరగతి గదిగా మార్చారు. నగరంలో ప్రతి మొహల్లాలోనూ ఖాళీ స్థలం ఉన్నచోటనల్లా పిల్లలు బంతి తన్నేవారు. చాలామందికి బూట్లు లేవు. బంతిని కాలికి అంటిపెట్టుకొని ఒకరినీ ఇద్దరినీ ముగ్గురినీ తప్పించుకొని పోవడమే ఆనాడు గొప్పతనంగా చెల్లేది. గుంపు చప్పట్లు కొట్టేది కూడా దానికే. ఈ అలవాటులోని లోపాన్ని రహీం గారు ముందుగా గుర్తించారు. ఒక్కడు ముగ్గురిని తప్పించేలోగా మిగిలిన పదిమంది చూస్తూ నిలబడతారు. ఎదుటి పక్షం సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. బంతి మనిషి కంటె వేగంగా ప్రయాణం చేస్తుంది కనుక, మనిషి బంతిని పట్టుకొని పరుగెత్తడం కంటె తోటివానికి అందించి తాను ఖాళీ చోటుకు పరుగెత్తడం లాభదాయకం. నేడిది చిన్నపిల్లలకు సైతం తెలిసిన సంగతి. నాటి హైదరాబాదు ఆటగాళ్లకు అంత సులభంగా ఒంటబట్టే పాఠం కాదు.

ఉపన్యాసం ఇచ్చి ఊరుకుంటే ఎవరూ మారరని ఉపాధ్యాయునికి తెలుసు. కనుక రహీం గారు పాఠాన్ని ఆట నియమంలోనే ఇమిడ్చారు. డ్రిబ్లింగ్ చేయరాదన్న నిబంధనతో ప్రత్యేకమైన పోటీలు నడిపారు. ఆ పోటీలో బంతి అందగానే మరొకరికి అందించి తీరవలసిందే. ఎవరికి అందించాలో బంతి రాకముందే చూచుకోని వాడు అక్కడ ఆడలేడు. ఇట్లు తల ఎత్తి చుట్టూ చూడడం, తోటివాని కదలికను కనిపెట్టడం, మొదటి స్పర్శతోనే బంతిని దారిలో పెట్టడం - ఈ మూడూ చెప్పకుండానే అలవడేవి.

రెండవది ఇంకా చిత్రమైనది. ప్రతి ఆటగానికీ ఒక కాలు వాటం, రెండవది అవాటం. కుడికాలి ఆటగాడు ఎడమవైపు బంతి వస్తే దానిని కుడికాలికి మార్చుకునేందుకు ఒక క్షణం పోగొట్టుకుంటాడు. ఆ ఒక్క క్షణం చాలు, గోలు తప్పిపోవడానికి. అందుకని వాటం లేని కాలితో మాత్రమే ఆడవలెనన్న నియమంతో పోటీలు ఏర్పాటు చేశారు. పేరుమోసిన ఆటగాళ్లు సైతం ఆ పోటీలలో పసివాళ్లవలె తడబడి ఉంటారని మనం ఊహించుకోవచ్చు. పొట్టివారు ఎక్కడికక్కడ వెనుకబడిపోకుండా ఎత్తును బట్టి, వయస్సును బట్టి కూడా వేరువేరుగా పోటీలు జరిపించారు. ఇందులో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు. కావలసిందల్లా ఒక బంతి, ఒక మైదానం, ఏ పిల్లవానిలో ఏది కొరవడిందో చూడగల కన్ను.

ఈ విధంగా తయారైన యువకులకు బ్రతుకు తెరువు కూడా చూపవలసి ఉన్నది. ఆనాడు ఫుట్‌బాల్ ఆడి జీవించడం సాధ్యం కాదు. పోలీసు శాఖ ఆటగాళ్లకు ఉద్యోగాలు ఇచ్చింది. 1950లో రహీం గారు హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత చేపట్టి తుదివరకు నిర్వహించారు. సంస్థానం భారతదేశంలో విలీనమై అప్పటికి రెండేళ్లు. నగరం ఇంకా ఆ మార్పుల నుండి తేరుకుంటూ ఉన్నది. ఆ సంవత్సరమే సిటీ పోలీసు జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలుచుకొని వచ్చింది. స్వాతంత్ర్యానంతరం ఢిల్లీలో జరిగిన మొదటి డ్యూరాండ్ కప్పు కూడా 1950లోనే. దాని తుదిపోటీలో కలకత్తా మోహన్ బగాన్ జట్టుతో మొదట సమంగా ముగించి, మరల జరిగిన ఆటలో ఒక్క గోలు తేడాతో ఓడించి ఆ కప్పును సైతం హైదరాబాదుకు తెచ్చింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా, కలకత్తా అంటే ఫుట్‌బాల్ అనుకుంటున్న రోజులలో ఇది చిన్న విషయం కాదు. ఆపైన రోవర్స్ కప్పు 1951, 1952, 1953, 1954 సంవత్సరాలలోనూ మన పోలీసులదే. వరుసగా 5 సార్లు! 1954లో డ్యూరాండ్ కప్పు మరల గెలిచారు. 1956, 1957 సంవత్సరాలలో రాష్ట్రాల నడుమ జరిగే సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాదుకే దక్కింది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జమాల్, ధన్‌రాజ్, మొదలైన వారి పేర్లు ఆ రోజులలో పాతబస్తీ నుండి సికింద్రాబాదు వరకు చాయ్ హోటళ్లలో మారుమోగేవని ఆ తరం పెద్దలు చెప్పుకునేవారు.

భారత జట్టుకు శిక్షకులుగా రహీం గారి మొదటి పరీక్ష 1951లో ఢిల్లీలో జరిగిన తొట్టతొలి ఆసియా క్రీడలు. శైలేన్ మన్నా నాయకత్వంలో మన జట్టు ఇండోనేషియాను, ఆఫ్ఘనిస్తాన్‌ను ఓడించి తుదిపోటీలో ఇరాన్‌ను ఎదుర్కొన్నది. సాహు మేవాలాల్ చేసిన ఒకే ఒక్క గోలుతో భారతదేశం స్వర్ణపతకం గెలుచుకున్నది. ప్రధాని నెహ్రూ గారు ఆ ఆటను స్వయంగా తిలకించారు.

ఈ సంతోషం ఎక్కువ కాలం నిలువలేదు. 1952 జూలైలో ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10 గోలుల తేడాతో చిత్తుగా ఓడిపోయింది. చలిదేశం, తడిసిన నేల, మనవారిలో అనేకులు బూట్లు లేకుండా ఆడినవారు. మన దేశపు పోటీలు నాడు పూర్తిగా 90 నిమిషాలు జరిగేవి కావు కనుక ఊపిరి కూడా చాలలేదు. ఈ పరాజయం తరువాతనే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు విధిగా ధరించవలెనన్న నియమం తెచ్చింది.

అయితే ఆ ఓటమిని బూట్ల మీదకు నెట్టివేయడం తేలిక. యుగోస్లావియా ఆ ఒలింపిక్స్‌లో రజతం గెలిచిన జట్టు. తుదిపోటీలో దానిని ఓడించి స్వర్ణం పొందినది హంగేరీ. ఆ హంగేరీ జట్టు ఆడే తీరులోనే ఒక కొత్తదనం ఉన్నది. అంతవరకు సెంటర్ ఫార్వర్డ్ అనేవాడు అందరికంటె ముందుండి గోలు దగ్గర కాచుకొని ఉండేవాడు. హంగేరీవారు అతనిని వెనుకకు లాగారు. అతనిని కాపలా కాసే ఎదుటి బ్యాక్ ఇప్పుడేమి చేయాలి? అతని వెంట పోతే గోలు ముందు ఖాళీ ఏర్పడుతుంది. పోకుంటే అతడు తీరికగా బంతి పంచుతాడు. 1953లో ఇంగ్లాండు జట్టు తన వెంబ్లీ మైదానంలోనే ఈ ఎత్తుకు చిక్కి 3-6 గోలులతో హంగేరీకి ఓడిపోయింది. చదరంగం తెలిసిన విద్యార్థులకు దీని రుచి తెలుస్తుంది.

రహీం గారు ఈ పద్ధతిని మనవారి చేత ఆడించడానికి పూనుకున్నారు. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు ఉండే అమరికను మన దేశంలో ప్రవేశపెట్టినవారిలో వారే ఆద్యులు. 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచిన తరువాత ఆ అమరిక లోకమంతటా ప్రసిద్ధి కెక్కింది. మన హైదరాబాదు కుర్రవాళ్లకు అది అప్పటికే పరిచయం. వారు విదేశాలలో శిక్షణ పొంది వచ్చినవారు కారు. తాము చూచినది జ్ఞాపకం ఉంచుకొని, తమ పిల్లల శక్తికి తగినట్లుగా మార్చి చెప్పారు. మంచి ఉపాధ్యాయుడు ఒక కఠినమైన పాఠాన్ని చేసేది కూడా ఇదే కదా.

ఆ పాఠం పండిన చోటు మెల్బోర్న్. 1956 ఒలింపిక్ జట్టుకు సమర్ బెనర్జీ నాయకుడు. మన నగరం నుండి అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, సలాం, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం వెళ్లారు. బలరాం గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పవలసి ఉన్నది. అతడు సికింద్రాబాదు అమ్ముగూడ ప్రాంతపు బీద కుటుంబంలోని పిల్లవాడు. అతని ఆట చూచిన రహీం గారు నగరానికి వచ్చి అభ్యాసం చేయమన్నారు. రానుపోను దారి దూరం. చేతిలో డబ్బు లేదు. సైకిలు అద్దెకు కావలసిన డబ్బు రహీం గారే ఇచ్చేవారని బలరాం ముసలితనంలో కూడా కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రవాడే మెల్బోర్న్‌కు వెళ్లాడు, రోమ్‌కు వెళ్లాడు, జకార్తాకు వెళ్లాడు. ఆ తరువాత బెంగాలులో స్థిరపడి 2023లో మరణించాడు.

మెల్బోర్న్‌లో మొదటి ఆట ఆడవలసిన హంగేరీ జట్టు రాలేదు. ఆ దేశంలో అప్పుడు తిరుగుబాటు చెలరేగి ఉన్నది. డిసెంబరు 1న మనవారు ఆతిథ్యదేశమైన ఆస్ట్రేలియాతో తలపడ్డారు. బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా ఆ రోజు 3 గోలులు చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో 3 గోలులు చేసిన తొలి ఆసియావాసి అతడే. కిట్టు మరొక గోలు చేయగా భారతదేశం 4-2 గోలులతో నెగ్గింది. ఆ సంవత్సరమే నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. సరిగా నెలరోజులకు, కొత్త రాష్ట్రపు రాజధాని నుండి వెళ్లిన గురువు గారి జట్టు ఒలింపిక్స్‌లో సెమీఫైనల్‌కు చేరింది. ఆసియా దేశమేదీ అంతకు ముందు ఆ మెట్టు ఎక్కలేదు.

సెమీఫైనల్‌లో ఎదురైనది మరల యుగోస్లావియా. నాలుగేళ్ల క్రిందట పది గోలులు కొట్టిన జట్టు. విరామం తరువాత మొదటి గోలు చేసినది మనమే. చేసినవాడు మరల డిసౌజా. కొద్దిసేపు మాత్రమే నిలిచింది ఆ ఆధిక్యం. చివరకు మనవారు 1-4 గోలులతో ఓడారు. కాంస్య పతకం కొరకు జరిగిన ఆటలో బల్గేరియా 3-0తో నెగ్గింది. నాలుగవ స్థానం మిగిలింది. పతకం రాలేదు కనుక మన పాఠ్యపుస్తకాలలో ఈ విషయం కనబడదు. తొమ్మిది గోలుల తేడాలో ఆరు ఎక్కడికి పోయాయో, ఎవరు ఎట్లా పోగొట్టారో లెక్క వేసినవారికి మాత్రం ఆ నాలుగవ స్థానం విలువ తెలుస్తుంది. తిరుగు ప్రయాణానికి ముందు సిడ్నీలో జరిగిన స్నేహపూర్వకమైన ఆటలో అదే ఆస్ట్రేలియాను మనవారు 7-1 గోలులతో ఓడించారన్నది కూడా మరువరాదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో అదృష్టం కలసి రాలేదు. పి.కె. బెనర్జీ నాయకత్వంలోని జట్టు హంగేరీ చేతిలో 1-2తోనూ, పెరూ చేతిలో 1-3తోనూ ఓడి, ఫ్రాన్సుతో 1-1 సమంగా నిలిచింది. హంగేరీ మీదా, పెరూ మీదా గోలు చేసినవాడు మన బలరామే. ఫ్రాన్సుపై ముందుగా గోలు చేసినది మనవారే. ఆట ముగియడానికి కొద్ది నిమిషాల ముందు వారు సమం చేశారు.

రోమ్ గురించి మాకు ఎక్కువగా గుర్తుండవలసినదిగా తోచేది వేరొక విషయం. ఆ జట్టులో రహీం గారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. మూడు ఆటలు జరిగాయి. మూడింటిలో ఒక్కదానిలోనూ హకీం మైదానంలోకి దిగలేదు. రెండేళ్ల తరువాత జకార్తా జట్టులో అతనికి చోటే దక్కలేదు. తండ్రి శిక్షకుడై ఉండగా కొడుకు అవకాశం కొరకు కాచుకొని కూర్చోవలసి వచ్చిన ఇంటిలో ఆ రాత్రులు ఎట్లా గడిచాయో మనం చెప్పలేము. మన దేశంలో సంఘాలూ, సమితులూ, ఎంపికలూ నడిచే తీరు ఎరిగినవారికి మాత్రం ఈ సంగతి వింతగానే కనిపిస్తుంది.

1962 ఆగస్టులో ఆసియా క్రీడల కొరకు జట్టు జకార్తా చేరేనాటికి రహీం గారి ఆరోగ్యం క్షీణించి ఉన్నది. జట్టుకు చునీ గోస్వామి నాయకుడు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. రెండవ ఆటలో థాయిలాండ్‌పై 4-1తో గెలిచినా, రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు వేయవలసి వచ్చింది. అతడు లేకుండానే జపాన్‌ను 2-0తో ఓడించారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం. ఇక్కడ రహీం గారు చేసిన పని ఫుట్‌బాల్ ఎరిగినవారు నేటికీ చెప్పుకునేది. తలకు కట్టు ఉన్న జర్నైల్‌ను వెనుక రక్షణలో నిలిపితే ఎగిరివచ్చే ప్రతి బంతినీ తలతో ఎదుర్కొనవలసి వస్తుంది. జట్టులో నుండి తీసివేస్తే అతని బలమూ, అతని తెగువా పోతాయి. రహీం గారు అతనిని అన్నిటికంటె ముందు స్థానంలో, సెంటర్ ఫార్వర్డ్‌గా నిలిపారు. జర్నైల్ పూర్వం విద్యార్థిగా ఉన్నప్పుడు ముందు స్థానంలో ఆడినవాడే అంటారు. ఆ సంగతి గురువు గారు మనసులో ఉంచుకున్నారన్నమాట. వియత్నాంపై 3-2తో గెలిచిన ఆ ఆటలో చునీ 2 గోలులు చేయగా మూడవది జర్నైల్ చేశాడు.

ఇంతలో మైదానం వెలుపల పెద్ద చిక్కు వచ్చిపడింది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాల క్రీడాకారులను ఇండోనేషియా ప్రభుత్వం రానీయలేదు. ఆసియా క్రీడల సమాఖ్య స్థాపకులలో ఒకరైన మన జి.డి. సోంధీ దానికి అభ్యంతరం చెప్పి, ఈ క్రీడలను ఆసియా క్రీడలుగా గుర్తించరాదని వాదించారు. దానితో జకార్తా ప్రజలకు భారతదేశంపై ఆగ్రహం కలిగింది. భారత రాయబార కార్యాలయంపై అల్లరి మూక దాడి చేసింది. మన ఆటగాళ్లు బస్సులో కూర్చున్నప్పుడు బయటికి కనబడకుండా జాగ్రత్త పడవలసి వచ్చిందని ఆ తరువాత వారే చెప్పారు. తుదిపోటీ ముందునాటి రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు. ఆ రాత్రి రహీం గారు ఆటగాళ్లను పిలిచి, రేపు తనకు ఒకే ఒక కానుక కావాలనీ, అది స్వర్ణపతకమనీ అడిగారని చునీ, పి.కె. మొదలైనవారు ఎన్నో ఏళ్ల తరువాత కూడా తలచుకున్నారు. వారి శరీరస్థితి ఎరిగిన శిష్యులకు ఆ కోరిక అర్థం వేరుగా చెప్పనక్కరలేకపోయింది.

సెప్టెంబరు 4. సెనయాన్ మైదానంలో దాదాపు లక్షమంది. అందరూ మనకు ప్రతికూలురు. మన జాతీయ గీతం వినబడకుండా గోల చేశారు. ఆ లక్షమందిలో మనవారికి చప్పట్లు కొట్టినది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని మన జట్టువారు చెప్పుకున్నారు. ఇది వ్రాస్తున్నప్పుడు మాకు ఒక్కక్షణం కలం ఆగింది. ఎదుట ఉన్నది మొదటి ఆటలో ఓడించిన కొరియా. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ మొదటి గోలు చేశాడు. 20వ నిమిషంలో తలకు కట్టుతో ఆడుతున్న జర్నైల్ సింగ్ రెండవది చేశాడు. గోలు వద్ద పీటర్ తంగరాజ్. కొరియావారు చివరి నిమిషాలలో ఒకటి మాత్రం చేయగలిగారు. 2-1. మైదానం మూగపోయింది.

ఆ పదకొండుమందిలో బెంగాలీలు, సిక్కులు, గోవా క్రైస్తవుడు, మలయాళీ, మన సికింద్రాబాదు బలరాం, హైదరాబాదు యూసుఫ్ ఖాన్ ఉన్నారు. ఒకరి మాతృభాష మరొకరికి తెలియదు. రహీం గారు వారితో ఎక్కువగా మాట్లాడినది హైదరాబాదీ ఉర్దూలోనే అంటారు. మన కళాశాలలో తెలుగు మాధ్యమమూ ఉర్దూ మాధ్యమమూ వేరువేరు వరండాలలో నడుస్తాయి; సాయంకాలం బంతి బయటికి వచ్చినప్పుడు మాత్రం రెండు వైపులవారూ ఒకే జట్టులో చేరి అరుచుకుంటూ ఆడడం మేము చూస్తూనే ఉన్నాము. ఆ అరుపులలో ఏ భాష ఎంత పాలో విడదీయడం కష్టం.

జకార్తా నుండి తిరిగివచ్చిన తరువాత రహీం గారు మరొక అంతర్జాతీయ పోటీ చూడలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వ్యాధితో మంచం పట్టి, 1963 జూన్ 11న కన్నుమూశారు. వారి వయస్సు 53 సంవత్సరాలు. స్వర్ణపతకం వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

వారి మరణంతో ఆట ఆగిపోలేదు. 1964లో హ్యారీ రైట్ అనే ఆంగ్లేయుని శిక్షణలో మన జట్టు ఆసియా కప్పులో రెండవ స్థానం పొందింది. 1965లో సంతోష్ ట్రోఫీని ఆంధ్రప్రదేశ్ గెలుచుకున్నది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం వచ్చింది. ఆ జట్టు నాయకుడు మన హైదరాబాదు సయ్యద్ నయీముద్దీన్. ఇవి రహీం గారు నాటిన చెట్టు ఫలాలే అనడం అతిశయోక్తి కాదని మా అభిప్రాయం. ఆపైన ఫలాలు తగ్గిపోయాయి. 1960 తరువాత 2024 వరకు ఒక్క ఒలింపిక్స్‌కు కూడా భారత ఫుట్‌బాల్ జట్టు అర్హత పొందలేదు. ఆసియా క్రీడలలో స్వర్ణం మరల రాలేదు. కారణాలు అనేకం చెబుతారు. క్రికెట్ వ్యామోహం అంటారు, నిధుల లేమి అంటారు, నగరం పెరిగి మైదానాలు తరిగిపోయాయంటారు. అన్నిటిలోనూ కొంత నిజం ఉన్నది. అయితే డ్రిబ్లింగ్ నిషేధించిన ఆ పోటీలను, అవాటపు కాలి పోటీలను అదే పట్టుదలతో కొనసాగించడానికి డబ్బు పెద్దగా అవసరం లేదని మేము ముందే మనవి చేశాము. సైకిలు అద్దె ఇవ్వడానికి కూడా నిధులు అక్కరలేదు. ఈ విషయంలో నిధుల మాట మాకు అంతగా రుచించడం లేదు.

శిక్షకుల కొరకు కేంద్ర ప్రభుత్వం ద్రోణాచార్య పురస్కారాన్ని 1985లో నెలకొల్పింది. అప్పటికి రహీం గారు గతించి 22 సంవత్సరాలు.

రోమ్‌లో ఆడే అవకాశం దొరకని కుమారుడు హకీం వైమానిక దళంలో అధికారిగా పనిచేసి, ఆ తరువాత రిఫరీ అయి అంతర్జాతీయ గుర్తింపు పొంది 1988 ఆసియా కప్పులో ఆటలు నడిపాడు. శిక్షకుడుగా కూడా పనిచేశాడు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నాడు. తండ్రి గురించి అడిగిన ప్రతివారికీ చెప్పి, 2021 ఆగస్టు 22న మరణించాడు.